తలకిందుల గడప

మా ఆయనకు తాగుడు లేదు. పేకాట లేదు. సినిమా కూడా ఏడాదికి ఒకటో రెండో, అదీ నేను పోరు పెడితేనే. పెళ్లికి ముందు మా నాయన ఇవన్నీ వేళ్లు మడిచి లెక్క చెప్పి, "మంచి మనిషమ్మా. రెండో పెళ్లి అనే మాట ఒక్కటి నువ్వు మనసులో పెట్టుకోవద్దు" అన్నాడు. నేను పెట్టుకోలేదు. అదే వచ్చి కూర్చుంది.

ఆయన పేరు శఠగోపం. తిరుపతి రైల్వే స్టేషన్లో టికెట్ల గుమాస్తా. పగలంతా కొండ దిగి వచ్చిన గుండ్లకు టికెట్లు కొట్టి కొట్టి, ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కోక ముందే "ఈ పొద్దు గూడూరు ప్యాసింజరు ఎంత ఆలస్యమో తెలుసునా?" అని మొదలుపెడతారు. మిఠాయి కొట్టువాడు ఇంటికొచ్చి మళ్లీ మిఠాయి తింటాడా ఎక్కడన్నా? మా ఇంట్లో తింటాడు.

ఎనభై రెండో సంవత్సరం అనుకుంటాను. గూడూరులో ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు ఉద్యోగం మానుకుని ఇంటిల్లిపాదితో ఆస్ట్రేలియా వెళ్లిపోతూ, తన దగ్గరున్న ఇంగ్లండు బొమ్మ రైలును మా ఆయన చేతిలో పెట్టి పోయాడు. జానెడు ఇంజను, నాలుగు పెట్టెలు, ఒక అట్టపెట్టె నిండా పట్టాల ముక్కలు, కరెంటుతో నడపడానికి ఒక నల్ల డబ్బా. మూత తీసి నాకు చూపించినప్పుడు ఆయన ముఖం చూడాల్సింది. పెళ్లిపీటల మీద నా పక్కన కూర్చున్నప్పుడు ఆ ముఖంలో అందులో సగం వెలుగు కూడా లేదు. రేకు ముక్కల మీద కుళ్లు ఏమిటమ్మా అని మీరు నవ్వచ్చు. నవ్వండి. నాకు మాత్రం ఒళ్లు మండింది.

"నేల మీద పరిచి ఆడుకోండి, పోనీ" అన్నాను.

"నేల మీదనా? దుమ్ము, ఎలుకలు, పైగా నీ చీపురు. నడుమెత్తు బల్ల కట్టాల రమా. బల్ల బాగుంటేనే రైలు బాగా నడుస్తాది. రైలుదేముంది, అంతా బల్లలోనే ఉండాది."

"యాడ కడతారు?"

"వెనక గదిలో."

కొర్లగుంటలో మాది చిన్న ఇల్లు. వెనక గది అంటే బియ్యం మూటలు, చిరిగిన పరుపులు పెట్టుకునేది. దానికి తలుపు లేదు, గడప లేదు. గోడలో మనిషి పట్టేంత సందు, అంతే. ఆ గదిలో నాలుగు గోడల వెంబడీ బల్ల కట్టి, నడిమధ్య ఖాళీ వదులుతారట. ఆయన ఆ ఖాళీలో నిలబడితే రైలు చుట్టూ తిరుగుతుందట. గుమ్మం దగ్గర కూడా బల్ల అడ్డంగా వస్తుంది కాబట్టి, లోపలికి పోవాలంటే దాని కింద వంగి దూరాలి.

"మరి నేను కాఫీ యెట్లా ఇచ్చేది?"

"గుమ్మం దగ్గర బల్ల మీద పెట్టు. రైల్లో వస్తాది."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ పొద్దు బాగానే ఉండింది.

చెక్క కొనాల్సిన పని పడలేదు. పెరట్లో రేకుల కింద పాత ఇంటి కలప పేర్చి ఉంది. గోవిందరాజస్వామి గుడి వెనక సందులో వీళ్ల తాతగారు కట్టిన ఇల్లు అది. నా పెళ్లినాటికే అమ్మేశారు. కొన్నవాడు దాన్ని పడగొట్టి లాడ్జి కడుతుంటే, మా ఆయన కలప మాత్రం బండికెత్తించుకుని తెచ్చుకున్నారు. ఆ ఇంట్లో నేను అడుగు పెట్టలేదు. ఆయన అక్కడ కాపురం చేసింది మొదటి భార్యతో.

ఆవిడ పేరు పద్మాక్షి. పాకాల పిల్ల. పెళ్లయిన రెండో ఏడు విషజ్వరం వచ్చి పోయింది. నాకు చెప్పింది ఇంతే. ఫోటో ఒకటి మా అత్తయ్య పెట్టెలో అడుగున ఉండేది. చూడకూడదనుకుంటూనే ఒకసారి చూశాను. నాకంటే తెలుపు.

బల్ల పని మొదలైంది. ఆయన డ్యూటీ దిగి వచ్చి, చిరుగుల బనీను వేసుకుని, చెవి మీద పెన్సిలు పెట్టుకుని పెరట్లోకి పోయేవారు. వాసాలను రంపంతో కోసి కాళ్లు చేశారు. దూలాలను చీల్పించి చట్రం బిగించారు. చిత్రిక పడుతుంటే పైన నలుపంతా పోయి లోపలి నుంచి ఎర్రటి చెక్క కొత్తగా బయటపడేది. దాంతోపాటు వాసన... ఏళ్ల తరబడి ఒక ఇంట్లో వండిన వంటలు, వెలిగించిన కర్పూరం, ఎండబెట్టిన చీరలు, అన్నీ కలిసిన వాసన. నావి కాని వంటలు, నావి కాని చీరలు. నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఆ పొట్టు ఊడ్చేదాన్ని.

చట్రం నిలబెట్టాక రసమట్టం పెట్టి చూసేవారు. బుడగ నడిమికి వచ్చి నిలబడేదాకా ఒక్కొక్క కాలి కింద సన్నటి చెక్కపేళ్లు తోసేవారు. లేచి చూసి, మళ్లీ కూర్చుని, మళ్లీ తోసేవారు.

"రవ్వంత వాలుంటే చాలు, రైలు తనంతట తనే జారిపోతాదే" అనేవారు.

నాతో ఇన్నేళ్ల కాపురంలో ఏ ఒక్క విషయానికీ ఆయన ఇంత ఓపిక చూపించలేదు.

మూడు పక్కలా అయింది. మిగిలింది గుమ్మం పక్క. అక్కడ మనిషి దూరాలి కాబట్టి మధ్యలో కాలు పెట్టడానికి లేదు. రెండు చివరల ఆనించినా నడుం వంగని గట్టి చెక్క కావాలి. ఆయన రేకుల కింద వెతికి వెతికి, అడుగు నుంచి ఒకటి బయటికి లాగారు. పాత ఇంటి వీధి గడప.

జానెడు మందం. తొక్కి తొక్కి నడిమధ్య పల్లం పడింది. నరాల్లో పాత పసుపు ఇంకా ఇరుక్కుని ఉంది. రెండు కొసల్లో ద్వారబంధం నిలువు చెక్కలు కూర్చునే బెజ్జాలున్నాయి. ఆయన ఆ నిలువు చెక్కలనే కోసి కాళ్లు చేశారు. గడపను తిరగేసి, బెజ్జాలు కిందికి వచ్చేలా, ఆ కాళ్ల మీద బోర్లా పెట్టారు. ఎక్కడి కాలు అక్కడే దిగింది. సుత్తి దెబ్బ కూడా పడలేదు.

"చూసినావా! దానికి తెలుసు" అన్నారు.

"దేనికి?"

"చెక్కకి" అని దాన్ని చేత్తో నిమిరారు. చంటిపిల్ల వీపు నిమిరినట్టు.

"గడప కదండీ. ఇట్లా వాడచ్చునా?"

"ఇల్లే లేదు, ఇంక గడప యాడిది? మంచి బర్మా టేకు."

గడప మీద మనం కూర్చోం. తొక్కం. శుక్రవారం శుక్రవారం పసుపు రాసి బొట్టు పెడతాం. దాన్ని తీసుకుపోయి నడుమెత్తున బోర్లించారు. నేను ఇంకో మాట అనాల్సింది. కానీ అది ఎవరు పసుపు రాసిన గడపో గుర్తొచ్చి, నోరు మూసుకుపోయింది. మాట్లాడితే ఆ పేరు నా నోట రావాలి.

బల్ల మీద ప్లైవుడ్డు పరిచారు. పట్టాలు బిగించారు. అట్టముక్కలతో స్టేషన్లు కట్టి, పసుపు రంగు వేసి, నల్లటి అక్షరాలు రాశారు. తిరుపతి, చంద్రగిరి, పనపాకం, పాకాల. నేను గుమ్మం బయట నిలబడి గడప మీద మోచేతులు ఆనించి ఒక్కొక్కటే చదివాను. మళ్లీ చదివాను.

"మా పుట్టింటి ఊరు ఏర్పేడు ఏది?"

"ఆ పక్కకు తిప్పను స్థలం లేదు రమా. ఇది పాకాల లైను."

"పాకాల లైనే ఎందుకు?"

ఆయన బల్ల కింద మేకు ఏదో పడిపోయినట్టు వంగారు. చాలాసేపు లేవలేదు.

ఆ రోజు నేను అన్నం తినలేదు. నన్ను తెచ్చుకున్నది గూడూరు లైన్లో. ఆవిడను తెచ్చుకున్నది పాకాల లైన్లో. కొత్త పెళ్లికూతురు పక్కన కూర్చుని చంద్రగిరి కోటను కిటికీలోంచి చూపించి ఉంటారు. ఇప్పుడు రోజూ సాయంత్రం ఆ రైలునే తిప్పుకుంటున్నారు, నా ఇంట్లో, నేను ఊడ్చిన గదిలో. చచ్చిన మనిషి మీద అసూయ కంటే దరిద్రం ఇంకోటి లేదు. బతికున్న సవతి అయితే తిట్టచ్చు, కొట్లాడచ్చు. ఎప్పుడో ఒకనాటికి ఆవిడకూ నెత్తి నెరుస్తుంది. ఇది అట్లా కాదే.

తరవాతి శుక్రవారం ఆయన బల్ల కింద నుంచి దూరి బయటికి వచ్చారు. నెత్తి మీద, వీపు మీద పచ్చగా ఏదో అంటుకుంది. తుడిస్తే పసుపు. తడి పసుపు.

"మంచి పని చేసినావు రమా. నాకు తోచలేదు" అన్నారు. ఆ గొంతు అంత మెత్తగా ఉండగలదని నాకు అంతవరకు తెలియదు.

నేను లాంతరు తెచ్చి వంగి చూశాను. గడప అడుగు వైపు, అంటే ఒకప్పుడు పైన ఉండిన వైపు, ఈ కొస నుంచి ఆ కొసకు నున్నగా పసుపు రాసి ఉంది. వరసగా కుంకుమ బొట్లు. నేను పెట్టలేదు. నేను పెడితే అంత తీరుగా రాదు.

ఆ మాట ఆయనకు చెప్పలేదు. చెప్తే మళ్లీ ఆ మెత్తటి గొంతు ఎవరికి పోతుందో నాకు తెలుసు.

దీపావళి దాటాక మా అత్తయ్య చిత్తూరులో కూతురి ఇంటి నుంచి వచ్చింది. చేతిసంచి దింపి, కొడుకు కట్టిన బల్ల చూస్తానని వెనక్కి పోయింది. గుమ్మం దగ్గరే ఆగిపోయింది. వేలితో గడపను ముట్టుకుని, చెయ్యి వెనక్కి లాక్కుంది. నన్ను వంటింట్లోకి లాక్కొచ్చి గుసగుసగా అడిగింది.

"ఏమ్మే, అది వీధి గడప కదా? తలకిందులు పెట్టినాడా వాడు?"

"అవునత్తయ్యా. మంచి టేకంట."

"సూడు... నీకు చెప్పలేదు మేము. ఆ పిల్ల పోయిన నక్షత్రం మంచిది కాదు. ధనిష్ఠా పంచకం. వీధి గడప దాటించి తీసుకపోకూడదని అయ్యవారు చెప్పినాడు. వెనకింట్లో గోడ పగలగొట్టి, ఆ కంతలోంచి తీసుకపోయినారు. ఆర్నెల్లు ఇల్లు మూసి పెట్టినాము."

"అయితే?"

"అయితే ఏందే! ఆ గడప మీద కుడికాలు పెట్టి వచ్చింది. ఆ గడప దాటి పోలేదు. ఇల్లు పడగొడితే ఆ పీడ ఆడికే పోయిందనుకున్యా. వీడు గడపను మోసుకొచ్చి ఈడ నిలబెట్టినాడు." ఆమె గొంతు ఇంకా తగ్గింది. "నేను ఈడ పండుకోనమ్మా."

మధ్యాహ్నం బస్సుకే చిత్తూరు వెళ్లిపోయింది. పోతూ పోతూ కొడుకును చూసి ఏడ్చింది. ఆయన మాత్రం స్టేషను పైకప్పుకు రంగు వేసుకుంటున్నారు.

ఆ తరవాత ఆయన మాటలు తగ్గాయి. అన్నం తగ్గింది. డ్యూటీ నుంచి రాగానే బల్ల కింద దూరి లోపలికి పోయేవారు. లోపల మెల్లగా మాటలు వినపడేవి. నేను గుమ్మం దగ్గరికి పోతే ఆగిపోయేవి.

"ఎవరితో మాట్లాడతావుండారు?"

"రైలుతో" అనేవారు. నవ్వేవారు కాదు.

గదిలో మరువం వాసన. ఆ రోజుల్లో నేను మరువం పెట్టుకునేదాన్నే కాదు, తలనొప్పి వచ్చేది. ఎవరు పెట్టుకునేవారో నేను అడగలేదు. అడగడానికి నాకు పౌరుషం అడ్డం వచ్చింది. దెయ్యం అని భయపడి ఉంటే బాగుండేది. నేను దాన్ని ఆడదానిగానే చూశాను.

కార్తీకం చివర్లో తుఫాను పట్టింది. శుక్రవారం. కొండ కనపడకుండా మబ్బు దిగింది. దీపాలు పెట్టే వేళకే చీకటి ముంచుకొచ్చింది. ఆయన తడిసి ముద్దై వచ్చారు. తల తుడుచుకోమని తువ్వాలు ఇస్తే తీసుకోలేదు. తడి బట్టలతోనే బల్ల కింద దూరిపోయారు. నేను కాఫీ తీసుకెళ్లి గుమ్మం దగ్గర బల్ల మీద, తిరుపతి స్టేషను పక్కన పెట్టాను. ఆయన చూడలేదు. రైలు తిరుగుతోంది. ఆయన కళ్లు రైలు మీద లేవు. పక్కన ఉన్న ఖాళీ మీద ఉన్నాయి.

నేను తులసికోట దగ్గర దీపం కొండెక్కకుండా గూట్లోకి మార్చి, వంటింట్లోకి పోయాను. బియ్యం కడుగుతుండగా కరెంటు పోయింది.

వీధి వీధంతా పోయింది. వాన తప్ప ఏమీ వినపడలేదు. రేకుల మీద వాన. చూరు నీళ్లు. నేను అగ్గిపెట్టె కోసం తడుముకుంటున్నాను.

అప్పుడు వినపడింది.

టకటక... టకటక... టకటక...

పట్టాల అతుకుల మీద చక్రాలు. రైలు నడుస్తోంది.

కరెంటు లేదు.

నా చేతులు తడిగా ఉన్నాయి. పుల్ల వెలగలేదు. ఇంకోటి. వెలిగింది. లాంతరు ముట్టించుకుని వసారాలోకి వచ్చాను. మరువం వాసన ముఖాన కొట్టింది. వాడిపోయిన మరువం, తడి పసుపు.

"ఏమండీ" అన్నాను.

"వస్తున్నా" అన్నారు లోపలి నుంచి.

రైలు తిరుగుతూనే ఉంది.

"ఏమండీ... బయటికి రండి."

"వస్తున్నా" అన్నారు. మళ్లీ, వెంటనే, ఇంకా మెల్లగా... "వస్తున్నా."

రెండోది నాకు చెప్పింది కాదు.

గుమ్మం దగ్గరికి వచ్చి లాంతరు పైకెత్తాను. బల్ల మీదుగా చూస్తే ఆయన ఒక్కరే ఉన్నారు. నడిమధ్య నిలబడి ఉన్నారు. నీళ్లు కారుతున్న జుట్టు. కళ్లు నా వైపు తిరగలేదు. చీకట్లో ఆ బొమ్మ రైలు ఆయన చుట్టూ తిరుగుతోంది. పక్కన ఎవరూ లేరు.

చెయ్యి నొప్పి పుట్టి లాంతరు కిందికి దించాను.

బల్ల కింద వెలుగు పడింది.

ఆయన పాదాలు. తడి ప్యాంటు అంచులు.

ఆ పక్కన ఇంకో రెండు పాదాలు.

చీలమండల దాకా పసుపు రాసి ఉంది. పారాణి. రెండో వేలికి వెండి మెట్టెలు. బొటన వేళ్లు రెండూ దగ్గరికి చేర్చి తెల్లటి దారంతో కట్టి ఉన్నాయి.

లాంతరు పైకెత్తాను. ఆయన ఒక్కరే.

దించాను. నాలుగు పాదాలు.

భయం వేయలేదని అబద్ధం చెప్పను. కానీ భయంతోపాటు ఇంకోటి కూడా చూశాను. ఆ పాదాలు ఎంత చిన్నవో, ఎంత అందంగా ఉన్నాయో చూశాను. నా పగిలిన మడమలు గుర్తొచ్చాయి. అంత భయంలో కూడా గుర్తొచ్చాయి.

"బయటికి రండి... మీకు దండం పెడతాను, రండి" అన్నాను.

"వంగలేక పోతావుండాను రమా." ఆయన గుసగుసగా అన్నారు. పెదవులు మాత్రమే కదిలాయి. "వంగితే... తనూ వంగాల. తను ఈ గడప దాటకూడదంట. చెప్పినారంట. ఇన్నేళ్లు ఇట్లనే... నిలబడే ఉండాది."

"మీరు రండి. ఒక్కరే రండి."

"తను వదలడం లేదు" అన్నారు. ఆయన ముఖంలో రంగు లేదు. పెదవుల చుట్టూ నీలం తిరుగుతోంది. "చలిగా ఉండాది రమా. తన చెయ్యి... చాలా చలిగా ఉండాది."

రైలు వేగం పెరిగింది. టకటకటకటక. ఆ పక్క పాదాలు మాత్రం కదల్లేదు.

నాకు అర్థమైంది. ఆవిడ అక్కడ ఉన్నంతకాలం ఆయన అక్కడే ఉంటారు. ఇంకాసేపు ఉంటే, ఆవిడ ఉన్న చోటికే పోతారు. ఆయన కావాలంటే ఆవిడను బయటికి పిలవాలి. నేను పిలవాలి. ఈ ఇంటి ఇల్లాలిని నేను. నా నోటితో రమ్మనాలి.

పిలవడానికి ప్రాణం ఒప్పలేదు. ఆ చీకట్లో, ఆయన చచ్చిపోతుంటే కూడా, ఒక్క క్షణం ఒప్పలేదు. ఆ తరవాత ఆయన దగ్గారు. అంతే, నేను పరుగెత్తాను.

నేనూ తక్కువదాన్ని కాదు. ఒక ఉపాయం తోచింది. ముందు పోయి వీధి తలుపు బార్లా తెరిచాను. జల్లు లోపలికి కొట్టింది. వెనక గది గుమ్మం నుంచి చూస్తే వసారా, దాని ఎదురుగా వీధి తలుపు, తిన్నగా ఒకటే దారి. నడుమ అడ్డం వచ్చిన పీటను కూడా తీసేశాను. పూజగూట్లోంచి పసుపు, కుంకుమ, కర్పూరం తెచ్చాను. గుమ్మం ముందు మోకాళ్ల మీద కూర్చుని, తల లోపలికి పెట్టకుండా, బోర్లించిన గడపకు కింది నుంచి పసుపు రాశాను. చేతికి చల్లగా తగిలింది. నాకంటే ముందే రాసి ఉంది. ఆ పసుపు మీదే నా పసుపు రాశాను. బొట్లు పెట్టాను. కర్పూరం వెలిగించాను.

"అక్కా" అన్నాను.

రైలు ఆగింది.

"అక్కా... నువ్వు వచ్చిన గడపే ఇది. దాటకూడదని చెప్పినోళ్లు ఈడ లేరు. నేను చెప్తావుండాను. దాటు. వీధి తలుపు తీసి పెట్టినాను. నిలవద్దు. తిన్నగా పో."

నేను కళ్లు మూసుకున్నాను. చూడగలిగే ధైర్యం లేదు.

దారం తెగిన చప్పుడు. సన్నగా.

తరవాత మెట్టెల చప్పుడు. నేలకు తగిలి... ఆగి... మళ్లీ తగిలి. నా ముఖం ముందు నుంచి. తడి చీర అంచు నా చెంపకు తగిలింది. మరువం వాసనకు ఊపిరి ఆడలేదు. మెట్టెలు వసారా దాటాయి. వీధి తలుపు వైపు పోతున్నాయి. పో... పో... అని మనసులో అనుకుంటున్నాను. వాన చప్పుడు పెద్దగా వినపడుతోంది. మెట్టెలు వీధి గడప దగ్గర ఆగాయి.

చాలాసేపు ఆగాయి.

తరవాత వాన చప్పుడు తగ్గింది. వాన తగ్గి కాదు. తలుపు మూసుకుంది. గడియ పడింది.

మా వీధి తలుపు గడియ లోపలి పక్క ఉంటుంది.

నేను కళ్లు తెరిచేసరికి ఆయన బల్ల కింద నుంచి పాకుతూ బయటికి వస్తున్నారు. ఒళ్లు మంచుగడ్డ. పట్టుకుని ఏడ్చాను. వసారాలో ఎవరూ లేరు. వీధి తలుపు దాకా నేల మీద పచ్చటి అడుగులు. అక్కడి నుంచి బయటికి లేవు. కాసేపటికి కరెంటు వచ్చింది. రైలు పాకాల స్టేషన్లో నిలబడి ఉంది.

వాన వెలిశాక బల్ల విప్పించేశాం. రైలును గూడూరులో ఇంకో డ్రైవరు పిల్లలకు ఇచ్చేశారు. గడపను బండి మీద తీసుకుపోయి స్వర్ణముఖి నీళ్లలో వదిలిపెట్టారు. వెనక గదిలో మళ్లీ బియ్యం మూటలు చేరాయి. ఆయనకు జ్వరం వచ్చి తగ్గింది. జరిగింది గుర్తు లేదంటారు. నిజమో కాదో నేను తరిచి అడగలేదు.

ఇది జరిగి ఏళ్లయింది. ఆయన మునుపటి మనిషి కాదు. నేను కోరుకున్నదంతా చేస్తారు. స్టేషను నుంచి తిన్నగా ఇంటికి వస్తారు. రైళ్ల మాట ఎత్తరు. దారిలో పూలు తెస్తారు. "ఈ మధ్య నీ చేతి పులిహోర ఎంత బాగుంటావుండాది" అని రెండోసారి వడ్డించుకుంటారు. నేను పులిహోర అదే చింతపండుతో, అదే చేత్తో చేస్తున్నాను. తెచ్చే పూలలో మరువం ఉంటుంది. తలనొప్పి అని చెప్పినా మరిచిపోతారు. నేను పెట్టుకోను. గూట్లో పెడతాను. సాయంత్రానికి గూట్లో ఉండదు.

శుక్రవారాలు నేను ఎంత పెందలాడే లేచినా, మా వీధి గడపకు పసుపు అప్పటికే ఆరి ఉంటుంది.

ఇంత ప్రేమగా చూసుకునే మొగుడున్నందుకు కొర్లగుంట ఆడవాళ్లందరికీ నేనంటే అసూయ. నన్ను చూసి! నాకు నవ్వు వస్తుంది.

రోజూ డ్యూటీకి పోతూ ఆయన వీధి గడప దగ్గర ఆగి వెనక్కి తిరుగుతారు. నేను వసారాలో నిలబడి ఉంటాను. నన్ను చూస్తారు. నా భుజం పక్కన ఇంకాస్త వెనక్కి చూస్తారు. నవ్వుతారు.

"పోయొస్తా" అంటారు. వెంటనే, మెత్తగా, ఇంకోసారి... "పోయొస్తా."

రెండింట్లో నాది ఏదో నేను ఇంతవరకు అడగలేదు.